డీఎల్ఈ-30 పెట్రోలు ఇంజను: పావు వంతు పైపర్ కబ్‌లో పనితీరు

రేడియోతో నడిపే పెద్ద నమూనా విమానానికి ఇంజను ఎంచుకునేటప్పుడు అందరూ మొదట అడిగేది అది ఎన్ని హార్స్‌పవర్ ఇస్తుందని. పైపర్ కబ్ వంటి నిదానమైన విమానానికి ఆ ప్రశ్నతో పెద్దగా పని లేదు. ఇంజను ఎంత తక్కువ వేగంలో ఆగకుండా తిరుగుతుంది, అక్కడి నుంచి థ్రాటిల్ (ఇంజను వేగాన్ని పెంచి తగ్గించే తలుపు) తెరిస్తే తడబడకుండా అందుకుంటుందా అనే రెండు సంగతులే ముఖ్యమని నా అభిప్రాయం. ఈ కొలబద్దతో చూసినప్పుడు డీఎల్ఈ-30 తన తరగతిలో నమ్మి కొనదగిన ఇంజను. అయితే ఆ నమ్మకం సగం ఇంజనులో ఉంటే, మిగతా సగం దాన్ని బిగించిన పద్ధతిలోను, అందులో పోసే పెట్రోలులోను ఉంది. రెండో సగం గురించి అమ్మకందారులెవరూ చెప్పరు కనుక ఈ సమీక్షలో దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

చైనాలోని మిలె హావోషియాంగ్ టెక్నాలజీ సంస్థ తయారుచేసే ఈ ఇంజను ఒకే సిలిండరు ఉన్న టూ-స్ట్రోక్ ఇంజను. సిలిండరు వ్యాసం 36 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 30 మిల్లీమీటర్లు, మొత్తం పరిమాణం 30.5 సీసీ. 8,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 3.7 హార్స్‌పవర్ ఇస్తుందని తయారీదారు పేర్కొన్నాడు. ఇంజను బరువు 910 గ్రాములు. సైలెన్సరు, ప్లగ్గులో రవ్వ పుట్టించే ఇగ్నిషన్ పెట్టె, దాని బ్యాటరీ బరువు దీనికి అదనం. కార్బురేటరు వెనుక వైపున, అంటే ఇంజనుకూ, దాన్ని బిగించే విమానం ముందు గోడ అయిన ఫైర్‌వాల్‌కూ మధ్యన ఉంటుంది. పొగ గొట్టం పక్కకు వస్తుంది. ప్రొపెల్లరుగా 18×8 నుంచి 20×8 వరకు సూచించారు; మొదటి అంకె అంగుళాల్లో వ్యాసం, రెండోది ఒక చుట్టుకు లెక్క ప్రకారం ముందుకు సాగే దూరం. ఇంతకంటే పెద్ద ఇంజన్లలో ప్రొపెల్లరును నాలుగైదు బోల్టులతో బిగించవలసి వస్తుంది, దానికి రంధ్రాలు గురి తప్పకుండా వేయడం ఒక శ్రమ. ఇందులో ఒకే షాఫ్టు, ఒకే నట్టు కావడం వల్ల ప్రొపెల్లరు మధ్య రంధ్రాన్ని రీమరుతో సరిపడా విప్పుకుంటే చాలు.

ఈ ఇంజనును ఏ విమానం మీద పరీక్షించానో చెప్పకుండా దాని గుణదోషాలు చెప్పడం అర్థం లేని పని. నాది పైపర్ జె-3 కబ్‌కు పావు వంతు నమూనా. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం లాక్ హేవెన్ పట్టణంలో 1938 నుంచి 1947 వరకు తయారైన అసలు కబ్ రెక్కల పొడవు 35 అడుగుల 3 అంగుళాలు. అందులో పావు వంతు అంటే ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 2.69 మీటర్లు. ఒంటి రెక్కల విమానం 80 అంగుళాలు, అంటే 2.03 మీటర్లు దాటితే దాన్ని జెయింట్ స్కేల్‌గా లెక్కించడం ఈ విద్యలో స్థిరపడిన సంప్రదాయం. అసలు కబ్‌లో 1,220 పౌండ్ల నిండు బరువును 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఎ-65 ఇంజను లాగేది.

ఇక్కడ ఒక లెక్క చూడవలసి ఉంది. కొలతలు నాలుగో వంతుకు తగ్గినప్పుడు బరువు నాలుగు ఘనానికి, అంటే 64వ వంతుకు తగ్గాలి. అసలు కబ్ నిండు బరువు సుమారు 553 కిలోలు కనుక నమూనా బరువు 8.6 కిలోలు దాటకూడదు. వేగం నాలుగు వర్గమూలానికి, అంటే సగానికి తగ్గుతుంది. ఈ రెండింటినీ గుణిస్తే కావలసిన శక్తి 128వ వంతుకు పడిపోతుంది. 65 హార్స్‌పవర్‌ను 128తో భాగిస్తే వచ్చేది సుమారు అర హార్స్‌పవర్ మాత్రమే. చిన్న రెక్క మీద గాలి ప్రవర్తన అంత అనుకూలంగా ఉండదు, చిన్న ప్రొపెల్లరుకు సామర్థ్యం తక్కువ. ఈ కారణాల వల్ల నిజంగా దానికంటే చాలా ఎక్కువే కావాలి. అంత మినహాయించినా 3.7 హార్స్‌పవర్ అనేది కబ్‌కు ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు. కనుక ఈ ఇంజనుకు శక్తి చాలదేమో అన్న సందేహం ఎవరికీ అక్కరలేదు. నా విమానం ఏడున్నర కిలోల దగ్గర తేలింది. థ్రాటిల్ సగం కూడా తెరవకముందే నేల విడుస్తుంది.

మరి ఇంతకంటే చిన్నదైన 20 సీసీ ఇంజను సరిపోదా అంటే, ఎగరడానికి సరిపోతుంది. నేను 30 సీసీ వైపు మొగ్గడానికి రెండు కారణాలున్నాయి. కబ్ ముక్కు పొట్టిది, తోక పొడవైనది. తోకలో ప్రతి గ్రాముకూ ముందు భాగంలో కొన్ని గ్రాముల సీసం కట్టవలసి వస్తుంది. పనికిరాని సీసం మోయడం కంటే పనికొచ్చే ఇంజను మోయడం నయం. రెండో కారణం ప్రొపెల్లరు. అసలు కబ్‌లకు బిగించిన సెన్సెనిక్ చెక్క ప్రొపెల్లరు వ్యాసం 72 అంగుళాలు. దానిలో పావు వంతు సరిగ్గా 18 అంగుళాలు. డీఎల్ఈ-30కి సూచించిన అతి చిన్న ప్రొపెల్లరు అదే. అసలు విమానం నిష్పత్తికి అచ్చంగా సరిపోయే ప్రొపెల్లరును ఈ ఇంజను ఏ ఇబ్బందీ లేకుండా తిప్పుతుందన్న మాట. అసలుకు నకలుగా ఉండాలని నెలల తరబడి పక్కటెముకలు కోసుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

మన దేశంలో తయారుగా వచ్చే పెద్ద విమానాల కంటే ప్లాను చూసి స్వయంగా కట్టుకోవడమే మేలనడానికి మరో కారణం కూడా ఉంది. పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని, విడదీసి తెచ్చి కూర్చే రూపంలోని దిగుమతిని సైతం కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 9న నిషేధించింది. విడిభాగాలకు మాత్రం అనుమతి అక్కరలేదు. అందువల్ల ఇంజను, సర్వోలు (విమానం భాగాలను కదిపే చిన్న మోటార్లు), రిసీవరు తెప్పించుకొని, విమానం దేహాన్ని ఇంట్లో తేలికైన బాల్సా కర్రతోను, విమానాలకు వాడే ప్లైవుడ్‌తోను, రెక్క పొడవునా సాగే స్ప్రూస్ కర్ర స్పార్లతోను కట్టుకోవడం చిక్కులు లేని మార్గం. పైగా ఇంజను చేతిలో ఉంచుకొని దానికి తగినట్లు ఫైర్‌వాల్ కట్టుకునే వీలు తయారు విమానంలో దొరకదు.

ఆ ఫైర్‌వాల్ దగ్గరే ఈ ఇంజను యోగ్యత తేలుతుంది. ఒకే సిలిండరు కావడం వల్ల పేలిన ప్రతిసారీ వచ్చే కుదుపును పక్కనుంచి తగ్గించే మరో పిస్టన్ ఉండదు. ఆ కుదుపంతా ఇంజను నాలుగు కాళ్ల మీదుగా చెక్కలోకి దిగుతుంది. నేను 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు వెనుక నుంచి మూలల్లో ముక్కోణపు గట్టి కర్రలు అతికించి, పక్క గోడల నుంచి చిన్న చెక్క మేకులు అడ్డంగా దిగగొట్టి, అన్నింటినీ నిదానంగా గట్టిపడే ఎపాక్సీతో కలిపాను. ఇంజను బోల్టులకు వెనుకవైపు పళ్ల నట్లు, ప్రతి మరకూ మర పట్టు జిగురు తప్పనిసరి. ఇంజనుతో వచ్చే అల్యూమినియం స్తంభాలు నాలుగూ ఒకే ఎత్తులో, చక్కగా నునుపు చేసి ఉన్నాయి. అదనంగా అరగదీయవలసిన పని పడలేదు. బిగించే ముందు ఫైర్‌వాల్‌ను కుడివైపుకూ కిందికీ కొద్దిగా వంచి కట్టాను. కబ్ రెక్క పైన ఉంటుంది, ప్రొపెల్లరు లాగే గీత దానికి కింద ఉంటుంది. ఆ వంపు లేకపోతే థ్రాటిల్ తెరిచినప్పుడల్లా విమానం ముక్కు ఎత్తుతూనే ఉంటుంది.

సిలిండరును నిలువుగా కాక పక్కకు తిప్పి బిగించడం కబ్‌లో దొరికే సౌకర్యం. అసలు ఎ-65 ఇంజనులో నాలుగు సిలిండర్లు ఇటు రెండు, అటు రెండుగా కౌలింగు (ఇంజను మీది తొడుగు) బయటకు పొడుచుకొని కనిపిస్తాయి. డీఎల్ఈ-30 సిలిండరును పక్కకు తిప్పితే ఆ నాలుగింటిలో ఒకటిగా కలిసిపోతుంది. ఏ పక్కకు తిప్పితే సైలెన్సరు కౌలింగు అడుగుకు వస్తుందో ముందే చూసుకుంటే సరి, బయటకు కనిపించదు, రంధ్రాలు కూడా ఎక్కువ కోయనక్కరలేదు. మిగిలిన మూడు బొమ్మ సిలిండర్లను నేను కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్రతో చెక్కాను. చేతికి తేలికగా, కత్తికి మెత్తగా ఉండే ఆ కర్ర మీద, సిలిండరును చల్లబరిచే పలుచని లోహపు రెక్కల గీతలు ఒక్కొక్కటిగా సన్నని రంపంతో గీసుకుంటూ పోవచ్చు. బాల్సా మీద ఆ గీతల అంచులు చిట్లిపోతాయి, పొణికి మీద నిలుస్తాయి. వేడి తగిలే భాగాలకు దూరంగా ఉన్నంతవరకు దానితో ఏ ఇబ్బందీ లేదు.

చల్లబరచడం గురించి అశ్రద్ధ పనికిరాదు. గాలి లోపలికి వచ్చే మార్గం కంటే బయటకు పోయే మార్గం పెద్దదిగా ఉండాలి. వచ్చిన గాలి సిలిండరు రెక్కల మధ్య నుంచే పోయేలా లోపల పలుచని ప్లైవుడ్ అడ్డుగోడ కట్టాలి. సిలిండరు బయటకే ఉంది కదా అని ఆ అడ్డుగోడ మానేస్తే, ముందు వైపు మాత్రమే చల్లబడి వెనుక వైపు కాలుతుంది. తెలంగాణ ఏప్రిల్ ఎండలో ఈ తేడా ఇంజను గొంతులోనే వినిపిస్తుంది.

ఈ ఇంజనులో నాకు బాగా నచ్చిన భాగం కార్బురేటరు. పల్చని పొరతో పనిచేసే ఈ వాల్‌బ్రో తరహా కార్బురేటరులో సొంత పంపు ఉంటుంది. క్రాంక్‌కేసులో పిస్టన్ కదలికతో మారే పీడనమే ఆ పొరను ఆడించి ట్యాంకు నుంచి పెట్రోలును లాగుతుంది. మెథనాల్‌తో నడిచే గ్లో ఇంజన్లకు ట్యాంకును కార్బురేటరు ఎత్తులోనే, దానికి దగ్గరగానే ఉంచాలన్న నియమం ఉంది. దీనికి ఆ నియమం లేదు. అందుకే నేను అర లీటరు ట్యాంకును ముక్కులో కాక రెక్క కింద, విమానం తూకం నిలిచే బిందువు దగ్గరే ఉంచాను. పెట్రోలు నిండుగా ఉన్నా, అడుగంటినా విమానం తూకం మారదు. దిగే సమయంలో, అంటే ట్యాంకు దాదాపు ఖాళీ అయినప్పుడు, ముక్కు తేలిపోతుందన్న బెంగ ఉండదు. ట్యాంకు గొట్టాలు, బిరడా పెట్రోలుకు తట్టుకునే రకం కావాలి. గ్లో ఇంజన్లకు వాడే సిలికాన్ గొట్టం పెట్రోలులో ఉబ్బి పాడవుతుంది.

ఇక పెట్రోలు సంగతికి వస్తాను. ఇంజను పత్రంలో 30 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ అని ఉంటుంది. 5 లీటర్ల డబ్బాకు సుమారు 167 మిల్లీలీటర్లు. మన పాత టూ-స్ట్రోక్ స్కూటర్లకు వాడే 2టీ ఆయిల్‌లలో మంచి సింథటిక్ రకం తీసుకుంటే సరిపోతుంది. చిక్కంతా పెట్రోలుతోనే. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఎథనాల్ కలిపిన ఇ-20. దీని వల్ల రెండు పర్యవసానాలున్నాయి, రెండూ ఈ ఇంజను యజమాని తప్పక తెలుసుకోవలసినవే.

మొదటిది గాలి, ఇంధనాల మిశ్రమం పలుచబడటం, అంటే అందులో ఇంధనం పాలు తగ్గడం. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఎథనాల్‌కు 9 పాళ్లు చాలు. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. కార్లలో కంప్యూటరు దీన్ని సరిచేసుకుంటుంది. ఈ కార్బురేటరులో సరిచేసేది మన చేతిలోని స్క్రూడ్రైవరే. ఎథనాల్ లేని పెట్రోలును దృష్టిలో ఉంచుకొని విదేశీయులు చెప్పే సూది (ఇంధనం ఎంత పోవాలో నిర్ణయించే మర) అమరికలను యథాతథంగా పాటిస్తే ఇంజను పలుచని మిశ్రమంతో తిరిగి వేడెక్కుతుంది. రెండు సూదులనూ వారు చెప్పినదానికంటే కొద్దిగా విప్పి ఉంచడం క్షేమం. రెండోది తేమ. ఎథనాల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. మోతాదు మించితే నీరు, ఎథనాల్ కలిసి అడుగుకు విడిపోతాయి. అలాంటి ఇంధనం కార్బురేటరులో వారాల తరబడి నిలిస్తే లోపలి పొర గట్టిపడి ముడతలు పడుతుంది. ఆ పొరే పంపు, ఆ పొరే కొలత కూడా కనుక అది బిగుసుకుంటే ఇంజను మొత్తం బిగుసుకున్నట్లే. అందుకే ఎగరడం ముగిశాక ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలింది కాలిపోయేదాకా ఇంజనును తిప్పి ఆపడం నా నియమం. వానాకాలంలో కలిపిన పెట్రోలును తరువాతి నెలకు దాచుకోను.

ఇగ్నిషన్ వ్యవస్థలో ప్రొపెల్లరు వెనుక తిరిగే దిమ్మెలో ఒక చిన్న అయస్కాంతం, దాని దారిలో అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సరు ఉంటాయి. అయస్కాంతం సెన్సరును దాటినప్పుడు పెట్టెలోని విద్యుత్తు ప్లగ్గుకు చేరి రవ్వ పుడుతుంది. చేత్తో తిప్పేటప్పుడు రవ్వను ఆలస్యంగా, వేగం పెరిగేకొద్దీ ముందుగా ఇచ్చే ఏర్పాటు ఆ పెట్టెలోనే ఉంది. అందువల్లే స్టార్టరు మోటారు లేకుండా చేత్తో కొట్టి స్టార్ట్ చేయగలుగుతున్నాం. ప్లగ్గు ఎన్‌జీకే సీఎం-6 రకానిది. మొనల మధ్య ఎడం అర మిల్లీమీటరుకు కొంచెం తక్కువగా ఉంచాలి. ఇగ్నిషన్‌కు వేరే బ్యాటరీ, రేడియోకు వేరే బ్యాటరీ ఉండాలి. పెట్టెకూ రిసీవరుకూ మధ్య కనీసం 30 సెంటీమీటర్ల దూరం, థ్రాటిల్‌కూ, స్టార్టు సమయంలో గాలిని అడ్డుకునే చోక్‌కూ లోహం కాని నైలాన్ కడ్డీలు ఉండాలి. రవ్వ పుట్టించే అలజడి లోహపు కడ్డీ వెంట ప్రయాణించి సర్వోలను వణికిస్తుంది. ట్రాన్స్‌మిటరు మీది మీట ఒక్కటి నొక్కితే ఇగ్నిషన్ ఆగిపోయే స్విచ్ కూడా పెట్టించాను. దీన్ని అదనపు ఖర్చుగా ఎవరూ భావించరాదు. థ్రాటిల్ సర్వో చెడితే తిరుగుతున్న 18 అంగుళాల ప్రొపెల్లరును ఆపడానికి మరో దారి లేదు.

స్టార్ట్ చేసే పద్ధతి తేలిక. విమానం తోకను స్తంభానికి కట్టి, ఒకరు వెనుక పట్టుకొని ఉండగా చోక్ మూసి, ఇగ్నిషన్ వేసి, చేతికి దళసరి తొడుగుతో ప్రొపెల్లరును గట్టిగా తిప్పాలి. కొన్ని తిప్పులకు ఒక చిన్న పేలుడు శబ్దం వచ్చి ఆగిపోతుంది. అప్పుడు చోక్ తెరిచి మళ్లీ తిప్పితే అందుకుంటుంది. ఆ చిన్న శబ్దాన్ని వినిపించుకోకుండా చోక్ మూసే ఉంచి ఇంకా తిప్పితే పెట్రోలు నిండిపోయి ప్లగ్గు తడుస్తుంది. ఈ తరహా ఇంజన్లు స్టార్ట్ కావన్న అపవాదుకు మూలం ఎక్కువగా ఇదే. చల్లగా ఉన్నప్పుడు మొదటి స్టార్టుకు కొంత ఓపిక కావాలి. వేడెక్కిన తరువాత ఒకటి రెండు తిప్పులకే అందుకుంటుంది. ఇగ్నిషన్ ఆపకుండా ప్రొపెల్లరును ఏ కారణంతోను తాకకూడదు. అయస్కాంతం సెన్సరును దాటడానికి అర చుట్టు కూడా అక్కరలేదు.

కొత్త ఇంజనును నేల మీద గంటల తరబడి తిప్పి అరగదీయడం కంటే, కాస్త చిక్కని మిశ్రమంతో గాలిలోకి తీసుకువెళ్లి థ్రాటిల్‌ను అటూ ఇటూ మారుస్తూ నడపడమే మేలు. నేల మీద నిలబెట్టి పూర్తి వేగంతో తిప్పితే చల్లగాలి చాలదు, కుదుపు ఎక్కువ. మొదట్లో ఐడిల్ (థ్రాటిల్ మూసినప్పుడు ఇంజను తిరిగే కనీస వేగం) కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. కొన్ని ట్యాంకులు కాలిన తరువాత పిస్టన్ రింగు సిలిండరులో కుదురుకొని, ఇంజను స్వభావమే మారిపోతుంది. చుట్లు లెక్కించే నా టాకోమీటరులో ఐడిల్ సుమారు 1,700 ఆర్‌పీఎం దగ్గర నిలిచింది, అక్కడ ఆగకుండా, ఊగకుండా ఎంతసేపైనా తిరుగుతుంది.

సూదుల సవరణలో ముందు తక్కువ వేగం సూది, తరువాతే ఎక్కువ వేగం సూది. ఐడిల్ నుంచి థ్రాటిల్‌ను ఒక్కసారిగా తెరిస్తే ఇంజను తడబడి ఆగబోతే ఆ చిన్న సూది మిశ్రమం పలుచగా ఉన్నట్లు; గొణుగుతూ, పొగ వదులుతూ నెమ్మదిగా అందుకుంటే చిక్కగా ఉన్నట్లు. ఈ సవరణ చేసేటప్పుడు ఎనిమిదో వంతు చుట్టు తేడా కూడా చెవికి తెలుస్తుంది. కార్బురేటరు అంత స్పష్టంగా స్పందించడం ఈ ఇంజను మంచితనంలో ఒకటి. పెద్ద సూదిని పూర్తి వేగం దొరికే చోటుకు తెచ్చి, అక్కడి నుంచి కొద్దిగా చిక్కని వైపు వెనక్కి తిప్పి వదిలేస్తాను. ఎగిరి దిగాక ప్లగ్గు విప్పి చూస్తే మొన చుట్టూ ఇటుక పొడి రంగు కనిపించాలి. తెల్లగా ఉంటే మిశ్రమం పలుచన, నల్లగా తడిగా ఉంటే చిక్కన.

గాలిలో ఈ ఇంజనుతో కబ్‌ను నడపడం గురించి చెప్పవలసింది చాలా ఉంది. పరుగు మొదలుపెట్టేటప్పుడు థ్రాటిల్‌ను ఒక్కసారిగా తోయకూడదు. అంత శక్తి ఒకేసారి అందితే ప్రొపెల్లరు తిప్పే గాలి, దాని ప్రతిక్రియ కలిసి విమానాన్ని ఎడమకు లాగుతాయి. తోక చక్రం మీదున్నప్పుడే రడ్డరును (తోకలోని నిలువు చుక్కానిని) కొద్దిగా కుడికి పట్టి, నాలుగైదు క్షణాలలో సగం థ్రాటిల్ వైపు తెస్తూ ఉంటే తోక తనంతట తాను లేచి, ఆ తరువాత చక్రాలు నేలను వదిలిన సంగతి కూడా వెంటనే గుర్తుపట్టలేము. గాలిలో మూడో వంతు థ్రాటిల్‌కు మించి అవసరం రాదు. ఆ వేగంలో ఇంజను శబ్దం బరువుగా, నిదానంగా ఉండి అసలు కబ్ ఇంజనును తలపిస్తుంది. గ్లో ఇంజన్ల చెవులు చిల్లులు పడే కూత ఇందులో లేదు.

కబ్ రెక్కకు వాడిన యూఎస్ఏ-35బీ ఆకృతి అడుగున దాదాపు చదునుగా ఉండి తక్కువ వేగంలోనే విమానాన్ని పైకెత్తే బలం ఇస్తుంది. మలుపులో ఎయిలరాన్లు (రెక్కల వెనుక అంచున కదిలే పలకలు) మాత్రమే వాడితే కిందికి వంగిన ఎయిలరాన్ లాగుడు వల్ల ముక్కు వ్యతిరేక దిశకు పోతుంది. కబ్‌ను తిప్పేది రడ్డరే. ఇది ఇంజను దోషం కాదు, విమానం స్వభావం; కాని సగం థ్రాటిల్‌లో కుదుపు లేకుండా నడిచే ఇంజను ఉంటేనే ఆ నిదానపు మలుపులను నింపాదిగా సాధన చేయగలం.

దిగేటప్పుడే ఐడిల్ విలువ పూర్తిగా తెలుస్తుంది. అసలు కబ్ సుమారు గంటకు 61 కిలోమీటర్ల వేగానికి తగ్గితే రెక్కలు పైకెత్తే బలాన్ని కోల్పోతుంది. లెక్క ప్రకారం దాని నమూనా సుమారు 30 కిలోమీటర్ల దగ్గర. అంత నిదానమైన విమానానికి ఐడిల్‌లో ఇంజను కొంచెం వేగంగా తిరిగినా అది నేల మీదికి దిగదు, రన్‌వే పొడవునా తేలుతూ పోతుంది. 1,700 దగ్గర నిలిచే ఇంజను మీద 19×8 ప్రొపెల్లరు గాలిని తోయకపోగా ఎదురు నిలిచి బ్రేకులాగా పనిచేస్తుంది. ముక్కు కొద్దిగా దించితే చాలు, విమానం వేగం పెంచుకోకుండా తిన్నగా కిందికి జారుతుంది. రన్‌వే చేరకముందే దిగిపోతుందనిపిస్తే థ్రాటిల్‌ను పైకి జరిపిన మరుక్షణం ఇంజను అందుకుంటుంది. ఈ రెండు గుణాలే ఈ సమీక్షకు మొదట చెప్పిన కొలబద్ద, ఈ రెండింటిలోను నాకు దీని మీద ఫిర్యాదు లేదు. 18×8 కంటే 19×8 ను నేను ఎంచుకోవడానికి కారణం కూడా ఇదే. నిష్పత్తిలో ఒక అంగుళం పెద్దదైనా దిగేటప్పుడు అది చేసే మేలు ఎక్కువ, పైగా అదే లాగుడుకు తక్కువ ఆర్‌పీఎం చాలుతుంది కనుక ప్రొపెల్లరు కొసల శబ్దమూ తగ్గుతుంది.

లోపాలు లేవని కాదు. కూడా ఇచ్చే సైలెన్సరు చిన్నది. ఎగిరే చోటు ఊళ్లకు దగ్గరైతే వేరే సైలెన్సరు గురించి ఆలోచించక తప్పదు. పక్కకు వచ్చే పొగ గొట్టం కబ్‌కు ఇబ్బంది పెట్టలేదు గాని, రెండో ప్రపంచ యుద్ధం నాటి యుద్ధ విమానాల సన్నని ముక్కులో ఇది ఇమడదు. వాటికి పొగ వెనుకకు వచ్చే రకాన్నే కొనాలి. కుదుపు ఉంటుంది కనుక బోల్టులు, ప్లగ్గు టోపీ, సైలెన్సరు మరలు ప్రతి ఎగురుడు దినం మొదట్లోనూ చివర్లోనూ తడిమి చూడాలి. ఇవి భరించలేనివారు విద్యుత్ మోటారు వైపు వెళ్లడం మంచిది. ఇంత పెద్ద విమానానికి దాని బ్యాటరీలు ఖరీదైనవి, ఒక్కొక్క ఎగురుడుకూ మళ్లీ ఛార్జి చేయాలి, కాని కుదుపు, పొగ, వాసన ఉండవు. నా వరకు అర లీటరు పెట్రోలుతో పావుగంటకు పైగా ఎగిరి, దిగి, రెండు నిమిషాలలో మళ్లీ నింపుకొని లేవగలగడం దానికంటే విలువైనది. గ్లో ఇంజన్లకు కావలసిన మెథనాల్, నైట్రోమీథేన్ మిశ్రమం దొరకడమే కష్టమైన చోట, ఖర్చు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఎగరవేసే చోటు ఎంచుకోవడం కూడా ఇంజను ఎంచుకున్నంత ముఖ్యం. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 25 కిలోలు మించకుండా, కంటిచూపు మేరలో, విద్య, పరిశోధన, రూపకల్పన, పరీక్ష, వినోదం కోసం మాత్రమే ఎగిరేది మోడల్ విమానం కిందికి వస్తుంది. ఎగిరే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ మండలంలో ఉందో చూసుకోవాలి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు, విమానాశ్రయం సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగుల వరకు మాత్రమే. హైదరాబాదు చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నందున నగరం నుంచి చాలా దూరం వెళ్లవలసిందే. వేసవిలో ఎండిన చెరువు నేలలు కబ్ లావు చక్రాలకు బాగా సరిపోతాయి, కాని ఆ దుమ్ము కార్బురేటరులోకి పోకుండా నోటికి సన్నని జాలీ తొడగాలి.

కొనేవారు ఇంజనుతో పాటే కార్బురేటరు పొరల సెట్టు ఒకటి, ప్లగ్గు ఒకటి, సైలెన్సరు గాస్కెట్ ఒకటి తెప్పించుకోవాలని నా సలహా. ఇంజను దొరికినంత తేలికగా మన ఊళ్లలో ఆ చిన్న వస్తువులు దొరకవు. నేను కొన్న దుకాణదారు ఇంజనును వారంలో పంపి, ఐదు గ్రాముల గాస్కెట్‌కు నెలలు తిప్పాడు. వాల్‌బ్రో తరహా కార్బురేటర్లను పొలాల్లో వాడే చిన్న పెట్రోలు యంత్రాలకు కూడా వాడతారు కనుక, వ్యవసాయ యంత్రాల విడిభాగాలు అమ్మే దుకాణంలో పాత పొరను చూపిస్తే సరిపోయేది దొరికే అవకాశం ఉంది. రంధ్రాలు, చెవులు ఒకదాని మీద ఒకటి పెట్టి సరిచూసుకొని మాత్రమే తీసుకోవాలి.